మరియమ్ ముందు పెట్టిన పాలగిన్నె

ఖాలా, నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచినా నువ్వు మా పక్కింటి మనిషివి, నీకు తెలుగు రాదు. అయినా కోపమొస్తే నాకు దొరికే మాటలన్నీ తెలుగువే.

నీ కూతురు మరియమ్‌కి పెళ్లి కుదిరింది. సన్నటి పెళ్లికూతురంటే మీ పశ్చిమ సహారా ఎడారి సహ్రావీల్లో నామర్దా అట. అందుకే మీ అమ్మ అక్కణ్ణుంచి ఇక్కడ సౌదీలో మన హుఫూఫ్‌కి వచ్చి, పొద్దున్నుంచీ దానికి గిన్నెలకొద్దీ చక్కెర పాలు తాగిస్తోంది. నీకూ ఇలాగే తాగించారని నువ్వే చెప్పావు. ఆ లావు, షుగరు, బీపీ కలిసి నీ గుండెను తినేశాయని డాక్టరు అన్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను.

"అమ్మ ఎందుకు పోయింది అమ్మమ్మా?" అని మరియమ్ అడిగింది.

"దిష్టి తగిలి. అంత నిండైన మనిషిని చూసి ఎవరు ఓర్చుకుంటారు? తాగు."

నాకు ఒళ్లు మండిపోయింది. "దిష్టి కాదు, ఈ పాలే!" అన్నాను.

"ఎండుపుల్లా, ముందు నిన్నెవరు చేసుకుంటారో చూసుకో!"

పక్కనే ఉన్న మా అమ్మ నన్ను గిల్లింది. "వాళ్లింటి సంగతి మనకెందుకే? గమ్మునుండు."

మరియమ్ గిన్నె నెట్టేసి, బూట్లు వేసుకుని వీధిలోకి దిగింది. నేనూ వెళ్లాను.

"నడవొద్దే, కరిగిపోతావు!" అని మీ అమ్మ కిటికీలోంచి అరిచింది. మరియమ్ ఏడుస్తూనే ఇంకా వేగంగా నడిచింది. దాన్ని అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది, ఖాలా.