నాచు మీది లైటు ఎవరు ఆపుతున్నారు

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ ఇంట్లో దొంగను పట్టుకున్నాను, అది నీకే చెప్పాలి.

ఉప్పునీళ్ల చేపల తొట్టి కింది అరలో సముద్రపు నాచు పెంచావు కదా. దాని మీది గులాబీ రంగు లైటుకు "ఎప్పుడూ ఆపొద్దు" అని చీటీ అంటించావు. ఆపితే నాచు తెల్లబడి కరిగిపోతుందనీ, నీళ్లు పాడై చేపలు చస్తాయనీ భయపెట్టావు. నేను ఒక్కరోజూ ఆపలేదు. కానీ నెల నుంచి, తొట్టి తుంపరలకు ఆ స్విచ్ మీద పేరుకునే ఉప్పు రోజూ చెరిగిపోయి ఉంటోంది. అంటే ఎవరో దాన్ని నొక్కుతున్నారు. మొదట పనిమనిషిని అనుమానించాను. తర్వాత మీ అమ్మను. ఆ తొట్టి అంటే ఆమెకు మొదటి నుంచీ గిట్టదు.

ఈరోజు చెప్పకుండా మధ్యాహ్నమే ఆఫీసు నుంచి వచ్చేశాను. లైటు ఆర్పి, అరకు అడ్డంగా నీ తువ్వాలు వేసి, పక్కనే కూర్చుని ఉంది అత్తమ్మ.

"ఎందుకు ఆపినవ్ అత్తమ్మా?" అని గట్టిగానే అడిగాను.

"దాన్ని జెరసేపు పండుకోనియ్యి బిడ్డా. నా కొడుకు గూడ గిట్లనే నిద్రలేక పాయె," అంది.

జీడిమెట్లలో నైట్ షిఫ్ట్ చేసొచ్చి, పగలంతా ఈ తొట్టి ముందే కూర్చునేవాడివి. గుండ్లపోచంపల్లి దగ్గర బండి మీద కునుకు పట్టి ప్రాణం పోయేదాకా అంతే.

తువ్వాలు తీసి చూశాను. నాచు ముందుకన్నా పచ్చగా, గుబురుగా ఉంది. నీ చీటీ పీకేశాను.

ఇన్నాళ్లూ అందరినీ అనుమానించాను. "నాకు నాలుగు గంటల నిద్ర సాలు" అని నువ్వన్న రోజున నిన్ను అనుమానించాల్సింది.