మూడు వందల పావు కాసుల ఇల్లు

జూన్ 1, ఉదయం 7.
శనగల డబ్బా బోర్లించి లెక్కపెట్టాం. బంగారు పావు కాసులు 288. అద్దెకుంటున్న ఈ ఇల్లు మాకే అమ్ముతానని ఇంటావిడ నెర్మిన్ పిన్ని మాట ఇచ్చింది. "సెప్టెంబరు ఆఖరుకి మూడు వందల కాసులు నా చేతిలో పొయ్యండి. లేదంటే మా మరిది కాచుకుని కూర్చున్నాడు."

బ్యాంకు గడప తొక్కేది లేదు. ఆ వడ్డీకి మాకొక ఇల్లు, బ్యాంకుకి రెండు.

ఇద్దరి జీతాల్లోంచి నెలకి నాలుగు కాసులు కొంటే సెప్టెంబరుకి పదహారు. 304. నాలుగు మిగులు కూడా! వంటగదికి లేత పచ్చ రంగు అనుకున్నాను.

నియమం ఒక్కటే: ఈ వేసవిలో ఎవరి పెళ్లికీ వెళ్లం. వెళ్తే పెళ్లికూతురి మెడలోని రిబ్బనుకి కానుకగా కాసు గుచ్చాలి. ఎవరెన్ని గుచ్చారో మైకులో చదువుతారు.

జూన్ 14.
మా ఆయన తుంజాయ్ వాళ్లక్క ఫోన్. ఆవిడ కొడుకు పెళ్లి.
"సెవ్‌గుల్, నీ పెళ్లికి నేను రెండు గుచ్చాను. కానుకల పుస్తకంలో రాసే ఉంది."
సొంత మేనల్లుడి పెళ్లి లెక్కలోకి రాదని తుంజాయ్ తేల్చాడు. రెండు.

జూలై 6.
ఆఫీసులో ఫ్యూసున్ కూతురి పెళ్లికి నడుం నొప్పని ఎగ్గొట్టాను. ఇవాళ ఆవిడే సూపు గిన్నెతో దిగింది. "రాలేకపోయానని ఎంత కుమిలిపోతున్నావో పాపం" అంది. రెండు గంటలు కదలకుండా పడుకున్నాను. వెళ్లేటప్పుడు చేతిలో కాసు పెట్టక తప్పలేదు. ఒకటి. సూపు బాగుంది.

జూలై 20.
తుంజాయ్ పై ఆఫీసరు కొడుకు పెళ్లి. వెళ్లకపోతే ఉద్యోగానికే ఎసరు. తుంజాయ్ బజార్లో గిల్టు కాసు కొన్నాడు. "ఆ గోలలో ఎవడు చూస్తాడు?"

పెళ్లికూతురి పక్కన కాసుల సంచి పట్టుకుని నిలబడ్డది ఆమె మేనమామ. మేము కాసులు కొనే నగల కొట్టు ఆయనదే. తుంజాయ్ వరసలోంచి మాయమయ్యాడు. ఇంటికి పరుగెత్తి, అసలువి రెండు తెచ్చి గుచ్చాడు.
"రెండెందుకు?"
"నా వంక అదోలా చూశాడే."

ఆగస్టు 3.
లెక్క: సెప్టెంబరుకి 299. ఒక్కటి తక్కువ. ఒక్కటే.

తుంజాయ్‌కి ఆలోచన తట్టింది. "పదేళ్లుగా ఊరందరికీ గుచ్చాం. మనకెవరు గుచ్చుతారు? కెరెం సున్తీ వేడుక చేసేద్దాం." మావాడికి ఆరేళ్లు. వయసు సరైనదే. టీ, కేకు. అంతకు మించి పైసా ఖర్చు లేదు.

ఆగస్టు 24.
ఆడపడుచు ఊరుకోలేదు. "ఒక్కగానొక్క కొడుకుకి టీ కేకులా? ఈ కైసెరి ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

ఫంక్షన్ హాలు. రెండు వందల మందికి భోజనాలు. కెరెంకి యువరాజు వేషం, తెల్ల గుర్రం. నెర్మిన్ పిన్ని స్వయంగా రెండు కాసులు గుచ్చి వాణ్ణి ముద్దుపెట్టుకుంది.

వచ్చినవి 21. ఖర్చు 26 కాసులు. గుర్రానికే రెండు.

సెప్టెంబరు 30, సాయంత్రం 5.
294 కాసులూ తీసుకుని నెర్మిన్ పిన్ని ముందు కూర్చున్నాం. మిగతా ఆరూ డిసెంబరుకి ఇస్తామని బతిమాలాను.

"మీరంటే నాకు ప్రాణమమ్మా. కానీ మా మరిదికీ మాట ఇచ్చాను. మూడు వందలూ రేపే తెస్తున్నాడు. వాళ్లమ్మాయి పెళ్లి. కొత్త జంట ఈ ఇంట్లోనే కాపురం పెడతారు."

ఆవిడ కళ్లు తుడుచుకుని శుభలేఖ చేతిలో పెట్టింది. పెళ్లి అక్టోబరు 12. ఇల్లు ఖాళీ చెయ్యాల్సింది 5న.

ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని ఏడ్చాను. ఆరు కాసులు. ఇల్లు అంత దగ్గరికొచ్చి పోయింది. తుంజాయ్ గుమ్మంలో నిలబడి శుభలేఖ తిరగేశాడు.

"ఆ పెళ్లికి ఎన్ని గుచ్చాలి?"
"రెండు. కెరెంకి ఆవిడ రెండు పెట్టింది."

అక్టోబరు 1, ఉదయం 7.
కొత్త లెక్క: 292. అక్టోబరు 13 నుంచి ఒక్క కాసు కూడా డబ్బా దాటదు. ఎవరి పెళ్లికీ వెళ్లం. నవంబరులో తుంజాయ్ తమ్ముడిది ఉంది గానీ, అది నిశ్చితార్థం.