శనివారం నేను రాయించుకున్న పేర్లు

ప్రియమైన సుగుణక్కకు,

నీ తమ్ముడు తిమోతి హైదరాబాదు నుంచి వందనాలు చెప్పి రాస్తున్నాను. ప్రభువు దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా, బావ మళ్ళీ పనికి పోతున్నాడా, చంటిదానికి పళ్ళు వచ్చాయా, అన్నీ రాయి. ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను సగం చెప్పేసరికే నువ్వు తిట్టడం మొదలుపెడతావు, నేను అరుస్తాను, అమ్మ ఫోన్ లాక్కుంటుంది. ఈసారి చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

ఫలక్‌నుమాలో ఇనప బీరువాలు చేసే షెడ్డులోనే ఉన్నాను. ఇప్పుడు రంగు కొట్టే పని ఇచ్చారు. ఈ వానలకి రంగు ఆరదు. ఆరకముందే సేటు వేలు పెట్టి చూస్తాడు, ముద్ర పడుతుంది, గీకి మళ్ళీ కొట్టాల్సింది నేను. అది న్యాయం కాదని ఆయన మొహం మీదే చెప్పాను. భయపడకు, పని పోలేదు. తిండికీ లోటు లేదు. ఛత్రినాక గదిలో నేనే వండుకుంటున్నాను, అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. బాగానే ఉన్నానని అమ్మకి చెప్పు.

సాయంత్రమైతే మాత్రం గదిలో నిలవలేను. లాల్‌దర్వాజా దాకా నడుస్తాను, ఊరికే వెనక్కి వస్తాను. ఫుట్‌పాత్ మీద దొరికే చిన్న పుస్తకాలు, కరపత్రాలు తెచ్చుకుని చదువుతాను. వచ్చిన కొత్తలో అలా తిరుగుతుంటేనే మన లూథరన్ గుడి కనబడింది. అక్కడి పాస్టరు అయ్యగారు పేరైనా అడక్కుండా భోజనానికి కూర్చోబెట్టారు. అప్పట్నించి ఆదివారం మధ్యాహ్నం అన్నం వాళ్ళింట్లోనే. ఈ ఊళ్ళో నేను గట్టిగా వాదించినా లేచిపోకుండా కూర్చునే మనిషి ఆయనొక్కడే.

ఆయనకి బదిలీ అయింది అక్కా. పదిహేడేళ్ళు ఈ సంఘాన్ని చూసుకున్న మనిషిని వేరే జిల్లాకి పొమ్మని పై ఆఫీసు నుంచి ఒక్క కాగితం. గుడిలో ఆ కాగితం చదివితే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, మగవాళ్ళు తలలు వంచుకున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. సంఘం సెక్రటరీ యేసురత్నం గారు, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఆయన, సన్మానం శాలువా ఏ రంగుదైతే బాగుంటుందని మాట్లాడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ ఆయన్ని పై ఆఫీసు తొత్తు అన్నాను. అనకూడదు, తెలుసు. అన్నాను.

ఆ వారమంతా కూర్చుని అర్జీ రాశాను. బదిలీ ఆపాలి, సంఘాన్ని అడక్కుండా సంఘ కాపరిని మార్చే హక్కు ఎవరికీ లేదు అని. వీడ్కోలు ఆదివారం, అంతకు ముందు రోజే నాకు సెలవు దొరికింది. శనివారం పొద్దున్నుంచి ఇంటింటికీ తిరిగాను. చదివి వినిపించే తీరిక లేదు. అయ్యగారి కోసం, పేరివ్వండి అనేవాణ్ణి. అడ్డం చెప్పినవాళ్ళు లేరు. శాంతమ్మవ్వ తన పేరు ఇచ్చి, మంచం మీదున్న పెనిమిటి పేరు కూడా రాయమంది. జనంలో ఇంత కదలిక ఉందే అని నా గుండె పొంగింది. అర్జీ కింద మొదట నా పేరు, ఆ తర్వాత నలభై దాకా పేర్లు.

సాయంత్రం తీసుకెళ్ళి అయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన పేర్లన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంతలో యేసురత్నం గారు వానలో తడిసి వచ్చాడు.

"ఏ ఇంటికి పోయినా పేరిచ్చినం అంటున్నరు. ఎవరికిచ్చిన్రంటే తిమోతికి అంటున్నరు. ఏంది నీ లొల్లి?"

అప్పుడు తెలిసింది. మనూళ్ళో ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్ళం శనివారం ప్రార్థనకి వెళ్ళి మనమే పేరిస్తాం కదా. ఇక్కడ శనివారం సెక్రటరీ కాగితం పట్టుకుని ఇంటింటికీ వచ్చి రాసుకుంటాడు. వాళ్ళంతా మర్నాడు అయ్యగారి చేతి చివరి ప్రభు భోజనానికి పేరిచ్చారు, అర్జీకి కాదు. శాంతమ్మవ్వ ముసలాయన పేరు ఇచ్చింది కూడా అయ్యగారు మంచం దగ్గరికి రొట్టె తెస్తారనే.

"నీ పేరే మా రిజిస్టర్ల లేదు. మా అయ్యగారి సంగతి అడగనీకి నువ్వెవరివి?" అన్నాడు యేసురత్నం గారు. నేనూ ఊరుకోలేదు. అయ్యగారు ఇద్దర్నీ ఆపారు.

"బదిలీ నేనే అడిగాను తిమోతీ," అన్నారు. "రెండేళ్ళ నుంచి అడుగుతున్నాను. వీళ్ళకి చెప్పే ధైర్యం చాలలేదు. నేను బాప్తిస్మం ఇచ్చిన పిల్లల్ని ఇద్దర్ని నా చేతులతోనే మట్టిలో పెట్టాను. మూడోసారి నావల్ల కాదు."

ఆయన మీద కూడా కోపం వచ్చింది అక్కా, నిజం చెప్తున్నాను. నేను పోరాడింది ఉండనని చెప్పిన మనిషి కోసమా అనిపించింది. ఆయన ఆ కాగితం పై సగం, అర్జీ భాగం చింపి నాకిచ్చి, పేర్ల భాగం బైబిల్లో పెట్టుకున్నారు. మొదటి పేరు నీదే, రేపు రా, కానీ యేసురత్నం గారితో సమాధానపడి రా అన్నారు. నేను లేచి వచ్చేశాను.

ఆదివారం వెళ్ళాను, వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను. జనం వరసగా వెళ్ళి బలిపీఠం ముందు మోకరిస్తున్నారు. నేను కదల్లేదు. చివరి వరస అయిపోయినా అయ్యగారు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. అప్పుడు యేసురత్నం గారు నా పక్కకొచ్చి వంగాడు.

"లే బిడ్డా. నేను గూడ తీసుకోలే. నిన్ను అన్ని మాటలన్న, గిట్ల పోయి ఎట్ల మోకరిస్త?"

లేచాను. తొత్తు అన్నందుకు క్షమించమన్నాను. ఎంత చిన్నగా అన్నానో, వినబడిందో లేదో. ఇద్దరం పక్కపక్కన మోకరించాం. ఆయన మోకాళ్ళు పటపటమన్నాయి, నా భుజం పట్టుకుని దిగాడు.

తర్వాత అయ్యగారు గుడి తాళాలు పెద్దలకిచ్చి, ఇకమీదట పెళ్ళికి గానీ సమాధికి గానీ నన్ను పిలవొద్దు, కొత్తగా వచ్చే కాపరి మనసు కష్టపెట్టొద్దు అని చెప్పారు. అది మన సంఘాల పద్ధతేనట. శాంతమ్మవ్వ ఆయన చెయ్యి వదలకుండా అడిగింది.

"నా సావుకన్న వస్తవా అయ్యా?"

"రానమ్మా. వచ్చే అయ్యగారు వస్తారు."

ఆయన గొంతు మారలేదు. చెయ్యి మాత్రం విడిపించుకోలేకపోయారు.

ఆయన వెళ్ళి పది రోజులైంది. కొత్త అయ్యగారు ఇంకా రాలేదు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గది ఖాళీ చేసి వచ్చేద్దామని రెండుసార్లు సంచి సర్దాను. అమ్మకి చెప్పకు. మొన్న శాంతమ్మవ్వకి జ్వరం వచ్చి, అయ్యగారికి ఫోన్ కలపమని కబురు పంపింది. ఆయన నంబరు తీసి పట్టుకుని వీధిలో చాలాసేపు నిలబడ్డాను. చెయ్యలేదు. బైబిలు తీసుకుని నేనే వెళ్ళాను. కీర్తన చదువుతుంటే గబగబా పోతున్నావని రెండుసార్లు ఆపి, మొదట్నించి చదివించింది. మళ్ళీ ఆదివారం రమ్మంది. వస్తానని మాటిచ్చాను.

అందుకని ఒక్క పని చేసిపెట్టు. మన పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, నా పేరు ఇక్కడి సంఘం రిజిస్టరుకి బదిలీ చేసే ఉత్తరం తీసుకుని పోస్టులో పంపు. ఆయన ఎందుకని అడిగితే మా తమ్ముడు అక్కడ ఉండిపోతున్నాడని చెప్పు. అక్కడ పేరు కొట్టేస్తారని అమ్మ ఏడుస్తుంది, నువ్వే సర్దిచెప్పు.

పెద్దలందరికీ నా వందనాలు, చంటిదానికి ముద్దులు. రోజూ నీ ప్రార్థనలో నా కోపం సంగతి మర్చిపోకు.

నీ తమ్ముడు,
తిమోతి