భద్రయ్య మొహం ఎవరిది?

మరదలికి,

బావ ఆశీస్సులు. అక్కడ నువ్వు క్షేమంగానే ఉండుంటావు, క్షేమం పోయింది నాది. ఫోన్ చేస్తే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను.

సంగతి మీ కంపెనీ వీడియో గేముది. లోకమంతా కాలి బూడిదయ్యాక జనం నేలమాళిగల్లోంచి బయటికొస్తారట, చేతికో బుల్లి యంత్రం కట్టుకుంటారట. దాని తెరమీద నువ్వు గీసిన భద్రయ్య. ఆడేవాడికి కాలు విరిగినా, ఒంట్లో విషమెక్కినా బొటనవేలెత్తి "ఏం కాలేదు, పద!" అంటాడు. ఆ గుబురు మీసం, ఉబ్బిన బుగ్గలు, ఎగిరిన ఎడమ కనుబొమ, అచ్చం నా మొహం!

నేను డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఆఫీసర్ని. పద్దెనిమిదేళ్ళుగా నన్ను చూస్తే కుర్రాళ్ళకి క్లచ్చు మీద కాలు వణికేది. ఇవాళ ఒకడు, మీ కంపెనీ బజార్లో అమ్ముతోందే, ఆ యంత్రం చేతికి కట్టుకొచ్చి, రివర్సులో మూడు కోన్లు పడగొట్టి, నాకేసి బొటనవేలెత్తి "ఏం కాలేదు సార్!" అన్నాడు. ఫెయిల్ చేశాననుకో. కానీ లైనంతా నవ్వింది. వారంలోగా ఆ మీసం తీసెయ్.

నీ బావ

తా.క.: నువ్వు పంపిన యంత్రం మీ అక్క చేతినుంచి ఊడటం లేదు. నేను గదిలో అడుగుపెట్టగానే "ప్రమాదకర ప్రాంతం" అని అరుస్తోంది.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వలేదు. రెండోసారి చదివినప్పుడు నవ్వాను.

భద్రయ్య మీరు కాదు బావగారూ! లోకంలో మీసాలన్నీ మీ పేర రిజిస్టరయ్యాయా? అయినా మీ పోరు పడలేక మా బాసు కాళ్ళావేళ్ళా పడ్డాను. నూట నలభై బొమ్మల్లో మీసం చెరిపేసరికి మెడ పట్టేసింది. నిన్నటినుంచి అందరి ఆటల్లోనూ భద్రయ్యది నున్నటి మొహమే. ఇక హాయిగా ఉండండి.

మీ మరదలు

తా.క.: బాసు చివరికి ఎందుకు ఒప్పుకున్నాడా అనుకున్నాను. మీ దగ్గర నాలుగుసార్లు ఫెయిలయ్యాడట. ఐదోసారి వచ్చే వారం.

*

మరదలికి,

ఆశీస్సులు తర్వాత. నీ ఉత్తరం ఇవాళ చేరింది, ఏం లాభం? నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే మొన్న ఆదివారం నా మీసం నేనే తీసేసుకున్నాను!

ఇప్పుడు వాడికీ లేదు, నాకూ లేదు. ఇదివరకు పోలిక, ఇప్పుడు అచ్చు. ఫొటోలకి ఎగబడుతున్నారు. మా పై అధికారి పిలిచి, "ఉద్యోగంలో ఉంటూ గేము ప్రకటనల్లో వేషాలా?" అని మెమో చేతిలో పెట్టాడు. శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే సస్పెన్షనే. ఎవరి మొహం గీశావో కాగితం మీద రాసి పంపు.

నీ బావ

తా.క.: కొత్తగా వచ్చిన అటెండరు నన్ను గుర్తుపట్టక "కొత్త లైసెన్సా? ఆ లైన్లో నిలబడు" అన్నాడు. నిలబడ్డాను.

*

బావగారికి,

విసిగిపోయిన మరదలి నమస్కారాలు. ముందుగా మనవి: మొహంలో ఇంకేమీ గొరగకండి. కనుబొమల జోలికి అసలు పోకండి.

ఆ బొమ్మ మీది కాదని కంపెనీ కాగితం జతచేశాను. ఎవరిదో మాత్రం చెప్పను, మాటిచ్చాను. ఆ మాట తీసుకున్న మనిషి మీ ఇంట్లోనే ఉంది. అక్కడే అడగండి, నా ప్రాణం తియ్యకండి.

మీ మరదలు

తా.క.: బాసు ఐదోసారీ ఫెయిలయ్యాడు. మీకు మీసం లేదని ధైర్యమొచ్చి స్పీడుగా నడిపాడట.

*

మరదలికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని మీ అక్కని నిలదీశాను. చొక్కాకి గుండీ కుడుతోంది. "నా పరువు తీసినవాడెవడో చెప్పు!" అన్నాను. దారం పంటితో కొరికి, "నేనేనండీ" అంది.

ఆరేళ్ళ కిందట నీ బొమ్మలన్నీ మీ బాసు తిప్పిపంపితే ఉద్యోగం మానేస్తానని ఏడుస్తూ వచ్చావట. నిన్ను నవ్వించాలని తను బుగ్గలుబ్బించి కనుబొమ ఎగరేసిందట. నువ్వు పేపరు అంచున గీసుకుపోయావట. ఆడమనిషి బొమ్మ ఎవరు చూస్తారని మీ బాసు మీసం తగిలించాడట. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "మీరు అంత ముచ్చటగా కోప్పడుతుంటే పాడుచెయ్యడమెందుకని" అంది.

ఇరవై రెండేళ్ళు తన ఎదురుగా కూర్చుని భోంచేశాను. మీసం ఉంటే నేననుకున్నాను. తీసేసినా నేననుకున్నాను. ఆ మొహాన్ని సరిగ్గా చూసింది నువ్వొక్కదానివే. కిటికీ పక్కన కూర్చోబెట్టి చాలాసేపు చూశాను. "ఏం కావాలండీ?" అంది.

సంజాయిషీలో ఇలా రాశాను: "చిత్రంలోని వ్యక్తి నా భార్య. గుర్తుపట్టనందుకు మన్నించగలరు." మెమో వెనక్కి తీసుకున్నారు.

నీ బావ

తా.క.: అంతకుముందు అధికారి రుజువడిగితే మీ అక్కని తీసుకెళ్ళాను. తనని చూసి ఆఫీసంతా లేచి నిలబడింది. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్తే, "మేడంగారు రాలేదా?" అన్నారు, కూర్చునే.