భీమడోలులో ఆగని బండి

ఏవండీ,

ఇవాళ ఏలూరు బజార్లో ఫోన్ కొన్నాను. ఎవరో వాడినదే, బాగుచేసి అమ్ముతున్నారు. తెర పెద్దది. కొట్టతను "అక్షరాలు ఇంకా పెంచమంటారాండీ?" అని అడిగితే, మీ మీది కోపం అతని మీద చూపించాను. "ఎంత పెరిగితే అంత పెంచవయ్యా" అన్నాను.

మీరు పోయాక మీ చెల్లెలు చెప్పింది. భీమడోలులో వాళ్ళింటికని బయలుదేరి, ఫోన్‌లో అక్షరాలు కంటికి ఆనక, అక్కడ ఆగని బండెక్కి తాడేపల్లిగూడెంలో తేలారట. "మీ వదినకు చెప్పకు" అన్నారట. నాతో మాత్రం ప్రయాణాలంటే విసుగన్నారు. అది నమ్మి నాలుగేళ్ళు నేనూ ఇల్లు కదల్లేదు. పెళ్ళాం దగ్గర అంత నామోషీ ఏమిటండీ?

రేపు ఒక్కదాన్నే భీమడోలు వెళ్తున్నాను. బండి అక్కడ ఆగుతుందో లేదో ఫోన్‌లో చూసుకున్నాను. మీలాగే చెయ్యి బారుగా చాచి పట్టుకుని చూశాను. ఇంత అక్షరాలైతే మీకూ కనిపించేవి.