రాగం తియ్యకుండా చదివిన గజల్

మాలేగావ్,
ఆదివారం

భాయీజాన్‌కి సలాం,

క్షేమంగా భివండీ చేరారని తెలిసింది. ఒంటి మీద కప్పిన శాలువా నలగకుండా చేరిందా? ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను. అయినా ‘మీరు’ అనే అంటాను, అమ్మీ పెంపకం అలాంటిది. అది గౌరవమనుకుని మురిసిపోకండి.

ఆ గజల్ నేను రాసిందని మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మన ఇంటి ఆడవాళ్లు కవుల సభల్లో, ముషాయిరాల్లో వేదికెక్కరు కాబట్టి మీ పేరుతో చదవమని నేనే ఇచ్చాను. ఆ తప్పు నాదే. కానీ ఇచ్చేటప్పుడు ఏం చెప్పాను? రాగం తియ్యొద్దు, పేపర్లో వార్త చదివినట్టు చదవండి అని చెప్పానా లేదా? గంగిరెద్దులా తలూపారు. తీరా మైకు ముందు కూర్చుని, జనం పాడమనగానే కళ్లు మూసుకుని రాగం ఎత్తుకున్నారు.

*దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, తలుపు మూసి ఉంది*
*పురుగు తనంతట తాను రాలేదు, తలుపు మూసి ఉంది*

ఈ రెండు పాదాలకి నాకు పదకొండు రోజులు పట్టింది. మన గజళ్లలో దీపమంటే ప్రియురాలు. పురుగంటే ఆమె చుట్టూ తిరిగి కాలిపోయే పిచ్చి ప్రేమికుడు. తలుపంటే ఆమె తెరవని తలుపు. తాతల నాటి నుంచీ ఇదే వరస. నేను కావాలనే ఆ అరిగిపోయిన మాటలు తీసుకున్నాను. పురుగు తనంతట తాను రాలేదని ఎందుకన్నాను? ఇది ప్రేమ కాదురా నాయనా, లోపల ఇరుక్కుని కాలిపోవడం అని చెప్పడానికి. మామూలు గొంతుతో చదివితే మగ్గం నడిపేవాడు ఎవడైనా ఆ మాట దగ్గర ఉలిక్కిపడతాడు.

నాలుగు నెలల కిందట హాజీ సాహెబ్ కార్ఖానాలో మంటలు లేచినప్పుడు తలుపుకి బయటినుంచి తాళం ఉంది. పనివాళ్లు టీ కోసం బయటికి పోకుండా మధ్యాహ్నం పూట ఆయనే వేయించేవాడు. కొందరు పైకప్పు రేకులు విరగ్గొట్టుకుని బయటపడ్డారు. ముగ్గురు బయటపడలేదు. అందులో, అక్కా అని పిలుచుకునే మన జుబైదా ఆపా భర్త ఇర్షాద్ ఒకడు. ఇప్పుడేమో పోలీసుల కాగితంలో తలుపు తెరిచే ఉందని రాసుంది, బతికినవాళ్లందరూ కిందన వేలిముద్రలు వేశారు. ఈ ఊళ్లో ఆ మాట పైకి అనే దిక్కు లేకనే గజల్లో పెట్టాను.

దాన్ని మీరేం చేశారు? ‘మూసి ఉంది’ దగ్గర గొంతు సన్నగా దించి, విరహంతో చిక్కిపోయినవాడిలా సాగదీశారు. జనం మూడుసార్లు మళ్లీ పాడించుకున్నారు. ఆడవాళ్ల పరదా ఇవతల నా పక్కన కూర్చున్నామె కళ్లు తుడుచుకుని, ఎవరమ్మాయో గానీ ఎంత రాతిగుండె అంది. అధ్యక్షుడిగా కూర్చున్న హాజీ సాహెబ్ కూడా కళ్లొత్తుకున్నాడు. లేచొచ్చి శాలువా కప్పాడు. మీరు వంగి సలాం చేశారు. చేస్తూ నవ్వారు, నేను చూశాను.

ఇంటికొచ్చే దారిలో ఆపా నన్ను అడిగింది.

“భాయీజాన్ గొంతు ఎంత బాగుందే. ఆ తలుపు వెనకాల ఉన్న పిల్ల ఎవరటే?”

ఏం చెప్పమంటారు? ఆ తలుపు వెనకాల ఉన్నది నీ మొగుడే అని రోడ్డు మీద చెప్పనా? ఏదో పనున్నట్టు పక్కనున్న దుకాణంలోకి దూరాను.

వచ్చే శుక్రవారం మగ్గాలకు సెలవు. నమాజు తర్వాత లైబ్రరీలో చిన్న సభ ఉంది. నేనే చదువుతాను, నా పేరుతోనే. మీ అనుమతి అడగడం లేదు, తెలియజేస్తున్నాను, అంతే.

తహ్మీనా

*

భివండీ,
బుధవారం

చిన్నదానా, తహ్మీనా,

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ అన్నం సహించడం లేదు. మొదట నీకొక జవాబు రాశాను. కోపంగా చదివితే రెండో చరణానికే మైకు ఆపేస్తారు, పాడితే పది ఊళ్లు తిరుగుతుంది, నీ మేలుకే పాడాను అని. చదువుకుంటే నాకే సిగ్గేసింది. చింపేశాను.

జరిగింది ఇది. ముషాయిరా రోజు మధ్యాహ్నం హాజీ సాహెబ్ భోజనానికి పిలిచాడు. చదవబోయేవి చూపించమన్నాడు. అధ్యక్షుడు కదా, చూపించాను. నీ గజల్ దగ్గర చాలాసేపు ఆగాడు. పళ్లెంలో అన్నం చల్లారిపోయింది. తర్వాత కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

“ఇది చదవకండి నిహాల్ మియా. పాడండి. మీ గొంతులో పడితే ఇది మంచి ప్రేమ గజల్ అవుతుంది.”

ఊరు మొత్తానికీ నీ గజల్ సరిగ్గా అర్థమైంది ఆయనొక్కడికే. ఆయనకి అర్థమైందని నాకూ అర్థమైంది. పాడకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు, నేను అడగలేదు. నేను పనిచేసే గోదాము ఆయన బావమరిదిది. వేదిక మీద కళ్లు మూసుకున్నది రాగం కోసం కాదు. పరదా వైపు చూడాల్సొస్తుందని.

తిట్టు, పడతాను. కానీ శుక్రవారం చదవొద్దు. ఆపాకి పిల్లలున్నారు. ఆ ఊళ్లోనే బతకాలి మీరు.

నీ అన్న,
నిహాల్

*

మాలేగావ్,
శనివారం

భాయీజాన్,

బస్సులో పంపిన మీ ఉత్తరం గురువారమే అందింది, ఇదీ బస్సులోనే పంపుతున్నాను. అది చదివాక ఆగుదామన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే అదీ పోయింది. పిరికితనానికి ఇంత చక్కటి గొంతు ఎందుకిచ్చాడో అల్లా. ఆపాకి అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు. నేనూ వస్తానని బురఖా వేసుకుంది.

నలభై మంది ఉన్నారు, చాలామంది మగ్గాలవాళ్లే. పేపర్లో వార్త చదివినట్టే మొదలుపెట్టాను. మొదటి చరణం చదివితే ఒక్క వాహ్వా రాలేదు. పాడమ్మా అన్నారెవరో. పాడనన్నాను.

మన సభల అలవాటు మీకు తెలిసిందే. మొదటి చరణం అయ్యేసరికి చివరి మాటలేవో తెలిసిపోతాయి, ఆ పైన కవి నోరు తెరిచేలోపే జనం అందుకుంటారు. నేను రెండో చరణం ఎత్తుకున్నాను.

*ఎంత పిలిచినా పలకరేమని అడిగినవాళ్లారా*
*గొంతులు లోపలే ఉన్నాయి...*

అక్కడ ఆగాను. నలభై నోళ్లూ అలవాటుగా తలుపు మూసి ఉందన్నాయి. అన్న తర్వాత విన్నారు. తామేమన్నారో విని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అందులో వేలిముద్రలు వేసినవాళ్లు ఏడుగురున్నారు. మూడో చరణానికి ఎవరూ అందుకోలేదు. వెనక వరసలోంచి కార్ఖానా కాపలాదారు ఖలీల్ చాచా ఒక్కడే అన్నాడు.

“తలుపు మూసి ఉంది. బయటినుంచి. తాళం వేసింది నేనే బిడ్డా. వేయమన్నారు, వేశాను.”

ఇవాళ పొద్దున్న ఆయన ఆపాతో కలిసి స్టేషనుకి వెళ్లి అదే మాట చెప్పాడు. సాయంత్రానికల్లా ముసలాడికి మతి చెడిందని ఊరంతా చాటించారు. వేలిముద్రల వాళ్లు మళ్లీ నోళ్లు కుట్టేసుకున్నారు. మంగళవారం విచారణకి పెద్ద అధికారి వస్తున్నాడు. ఒక్క ముసలివాడి మాట నిలబడదట.

మీ దగ్గర ఇంకో మాట ఉంది. తలుపు తెరిచే ఉంటే ఒక గజల్‌ని చూసి హాజీ సాహెబ్ ఎందుకు జడిశాడు? ఆ భోజనం దగ్గర ఏమన్నాడో మీరొచ్చి చెప్పాలి. గోదాము పని పోతుంది, నాకు తెలుసు. ఇర్షాద్ భాయ్‌కి పోయింది పని కాదు. ఇద్దరు చెబితే ఆ ఏడుగురిలో ఒక్కడైనా కదులుతాడని నా ఆశ.

భాయీజాన్‌కి రాగం లేకుండా నాలుగు మాటలు చెప్పడం వచ్చా అని ఆపా ఇందాక నన్నడిగింది. ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగింది. వచ్చని ఒట్టేసి చెప్పాను. చిన్నప్పుడు నేను పలక పగలగొడితే మీరు ‘నేనే పగలగొట్టాను’ అని అబ్బాతో చెప్పి దెబ్బలు తిన్నారు చూడండి, ఆ గొంతు నాకింకా గుర్తుందన్నాను.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి మేమిద్దరం బస్టాండులో ఉంటాం. మీరు దిగకపోతే ఆపా మిమ్మల్ని ఏమీ అనదు. నేను అబద్ధం చెప్పాననుకుంటుంది.

ఇకమీద తన పేరుతోనే రాసుకునే మీ చెల్లెలు,
తహ్మీనా