మూత తీసి చూసిన పాపం

అక్కా,

ఒకే మనిషి దగ్గర చెరో పన్నెండు కౌజుపిట్ట గుడ్లు కొన్నాం. నీకు పదకొండు పిల్లలయ్యాయి, నాకు ఒక్కటే. అమ్మ మీ ఇంట్లోనే కూర్చుని, "పెద్దదాని చెయ్యి మంచిదే!" అని ఫోన్లో మురిసిపోతుంటే నాకు కడుపు మండిపోయింది. గుడ్లే మంచివి కావని అందరికీ చెప్పాను. అది అబద్ధం.

పదిహేడో రోజు పొద్దున నువ్వు ఫోన్ చేసి, "నావి పగులుతున్నాయే, మరి నీవో?" అన్నావు. నావీ అప్పుడే బీటలు వారాయి. నీకంటే వెనకబడతానేమోనని పొదిగే పెట్టె మూత నిమిషానికోసారి తీసి చూశాను. లోపలి తేమంతా పోయి, పెంకు కింది పొర ఎండి పిల్లలకు అతుక్కుపోయింది. అవి బయటికి రాలేక లోపలే చచ్చిపోయాయి. వాటిని చంపింది నా కుళ్ళుమోతుతనమే.

మిగిలిన ఒక్కటీ తోడు లేక మేత ముట్టడం లేదు. పెట్టెలో చిన్న అద్దం పెడితే, అందులో కనిపించే పిల్లకు ఆనుకుని పడుకుంటోంది. దాన్ని చూశాక నా పంతానికి నాకే సిగ్గేసింది.

రెండు పిల్లల్ని ఇవ్వక్కా. అమ్మతో పంపకు, నువ్వే తీసుకురా. మిగతా తొమ్మిదీ ఎంత ముద్దుగా ఉన్నాయో మాత్రం ఇంకో వారం దాకా చెప్పకు.

నీ చెల్లెలు